పటేలు ఇంజన్‌తో నేను రాసిన పరీక్ష

నకిరేకల్‌లో నిక్షేపంగా నడుస్తున్న ఒక మిల్లు ఇంజన్‌ను, పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఎవరూ అడగకుండానే నట్టు నట్టునా విప్పి గోనెపట్టాల మీద పరిచిన మహానుభావుడు ఒకడున్నాడు. వాడు ఇంకెవడో కాదు, నేనే. ఆ రోజు నా వీపు విమానం మోత మోగకుండా ఎలా మిగిలిందో, పైగా రాజులాగా బండెక్కి ఇంటికెలా వచ్చానో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మా ఇంట్లో వాళ్ళు ఏళ్ళ తరబడి నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళనే ఏమీ అనలేకపోయాను.

అప్పుడు మా వైపు బావుల మీద మోటలు పోయి ఆయిల్ ఇంజన్లు వస్తున్నాయి. మోట తోలుకుని బతికే నేను ఇంజన్ పక్కన చేరి, చూసి చూసి మెకానిక్‌నయ్యాను. రెండో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చినవాణ్ణి, సామాన్ల ఇంగ్లీషు పేర్లు నా నాలుకకు ఎక్కడ తిరుగుతాయి? అందుకని ఒక్కోదానికి మా చుట్టాల పేర్లు పెట్టుకున్నాను. ఉన్నచోటనే పైకీ కిందికీ తిరుగుతూ కాలం గడిపే పిస్టన్ మా మామ. దాని చుట్టూ ఉండే మూడు రింగులు మరదళ్ళు. ఎవరెన్ని చెప్పినా వంగని పొడుగాటి రాడ్డు పెద్దబావ. ఇటు నొక్కితే అటు లేచే రాకరు, రెండిళ్ళ మధ్య మాటలు మోసే మా మేనత్త. ఎంత అణిస్తే అంత ఎగిరిపడే స్ప్రింగు ఎవరో మాత్రం చెప్పను. ఆవిడకు ఇది చదివి వినిపించేవాళ్ళు ఉన్నారు.

ఇంతలో నెత్తిన పిడుగు పడింది. సర్కారు అప్పు మీద ఇచ్చే ఇంజన్లను ఇకమీద పరీక్ష పాసై కాగితం తెచ్చుకున్న మెకానిక్కులే ముట్టుకోవాలట! కాగితం రాకపోతే నా చేతిలో పానా ఉండదు. పోనీ మళ్ళీ మోట తోలుదామంటే మోటలు లేవు. పెళ్ళాం పిల్లల్ని ఏం పెట్టి సాకాలి?

చదువు లేనివాళ్ళకు కూడా ఈ పరీక్ష పెట్టమని తిరిగి తిరిగి సర్కారును ఒప్పించింది మా ఇంజన్ మెకానిక్కుల సంఘమే. సంఘమంటే ఎవరనుకున్నారు, ఖాసిం భాయ్. నల్లగొండలో అందరికంటే పాత మెకానిక్కు. సైకిలేసుకుని ఊరూరా తిరిగి మమ్మల్ని ఏడుగురిని పోగేసి, తనతో కలిపి ఎనిమిది మందిని చేశాడు. "అరే భాయ్, ఒకని పని ఒకనికి చెప్పుకుంటె అందరం బతుకుతం" అని ఆయన తపన. మేమేమో పక్కవాడు మన కిటుకు ఎక్కడ పట్టేస్తాడోనని ఇంజన్ మీద తువ్వాల కప్పుకుని, దాని కింద చేతులు పెట్టి పనిచేసే జాతి. సంఘం మొదటి సమావేశంలో ఛాయ్ పీల్చిన చప్పుడు తప్ప ఒక్క మాట వినబడలేదు.

పరీక్ష నకిరేకల్‌లో, పటేలు వడ్ల మిల్లులో పెట్టారు. హైదరాబాదు నుంచి ఇంజనీరు సారు వస్తాడు, చెడిపోయిన ఇంజన్ ఒకటి చూపిస్తాడు, మేం విప్పి బాగుచెయ్యాలి. ముందురోజు సాయంత్రం జాగా చూసుకుందామని పోయి, మిల్లు గోడకు చెవి ఆనించాను. లోపల ఇంజన్ నడుస్తోంది. దుక్కు దుక్కు మధ్యలో "టక్ టక్... టక్ టక్".

'దొరికింది! పరీక్షకు పెట్టిన జబ్బు ఇంజన్ ఇదే' అనుకున్నాను. నాకున్న భయమల్లా ఒక్కటే, సారు కాగితమూ పెన్నూ చేతికిచ్చి రాయమంటే ఏం గతి? సారు వచ్చేసరికే మొత్తం విప్పి పరిచేస్తే, ఆ పనితనం చూసి రాత సంగతి మరిచిపోతాడని నా ఎత్తు.

తెల్లారగానే మిల్లులో దూరాను. పటేలు ఇంకా రాలేదు. ఊడ్చే లచ్చమ్మ ఒక్కతే ఉంది.

"ఎందుకు ఇప్పుతున్నవ్ అన్నా?" అంది.

"పరీక్షకు."

"ఇప్పుమని సారు చెప్పిండా?"

"సారు చెప్పుడేంది? నా చెవి చెప్పింది."

"చెవులు గూడ పని చెప్తయా?" అని ఆవిడ చీపురు ఆపి నా చెవి వంక తేరిపార చూసింది. ఆ చూపులో ఉన్న తెలివి నా తలకాయలో ఉంటే ఈ కథే లేదు.

మామను బయటికి లాగాను, మరదళ్ళను వలిచాను, బావను పడుకోబెట్టాను. చుట్టాలంతా పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు గోనెపట్టాల మీద వరసగా ఉన్నారు. మిగతా మెకానిక్కులూ ఖాసిం భాయీ వచ్చి, అది చూసి, గుడ్లు తేలేశారు. వాళ్ళ వెనకాలే పటేలు వచ్చాడు.

"ఎవడ్రా నా ఇంజన్‌ను కోసి ఆరేసింది?"

"నేనే పటేలా. జబ్బు ఇంజన్..."

"జబ్బు నీకురా! పరీక్ష ఇంజన్ గా మూలకు, సంచుల కింద ఉన్నది. గిది నా బువ్వ పెట్టే ఇంజన్! బయట చూడు, వడ్ల బండ్లు ఎన్ని నిలవడ్డయో!"

మూలకు చూశాను. సంచుల కింద నుంచి ఒక తుప్పు చక్రం నన్ను వెక్కిరిస్తోంది. పటేలు కోపం పట్టలేక గోనెపట్టా కొస పట్టి ఒక్క గుంజు గుంజాడు. పెళ్ళి బంతి కాస్తా తిరణాల అయింది. మామ ఒక దిక్కు, మేనత్త ఒక దిక్కు, నట్లన్నీ కలిసి ఒక కుప్ప.

సరిగ్గా అప్పుడే జీపు ఆగింది. ఇంజనీరు సారు బెజవాడ వైపు మనిషి, గట్టిగా అరిచే అలవాటు లేదు. అది ఇంకా భయం.

"ఎవరు విప్పమన్నారండీ?"

నేను తలకాయ వంచుకున్నాను. లచ్చమ్మ ఆగలేదు. "ఆయన చెవి చెప్పిందంట సారూ!"

సారు గడియారం చూశాడు, బండ్లు చూశాడు. "పరీక్ష ఇంజన్ సంగతి పక్కన పెట్టండి. ముందు ఈయన మిల్లు నడవాలి. ఎనిమిది మందీ కలిసి బిగించండి, ఇదే పరీక్ష. నడిస్తే అందరూ పాసు. నడవకపోతే ఒక్కడికీ కాగితం లేదు. ఆ తువ్వాళ్ళు తీసెయ్యండి."

తువ్వాళ్ళు తీయమంటే మా ఒంటిమీద బట్టలు విప్పమన్నట్టు మెలికలు తిరిగిపోయాం. పైగా ఏడుగురి కళ్ళూ నన్ను నమిలేస్తున్నాయి. నా ఒక్కడి బతుకుతో పోయేదాన్ని ఎనిమిది ఇళ్ళ పొయ్యిల మీదికి తెచ్చాను. ఖాసిం భాయ్ తన తువ్వాల తీసి నేల మీద విసిరాడు. "వాన్ని తర్వాత తన్నుదాం. ముందు పని పట్టుండ్రి. ఈ నట్టు ఎక్కడిదిరా?"

నాకు చదువు లేదు గానీ జ్ఞాపకం ఉంది. "అది మా చిన్నాయిన. ఎడమ దిక్కు మూడోది."

"గిది?"

"చిన్నాయిన తోడల్లుడు. ఆయన పక్కకే."

సారు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "చిన్నాయనేమిటండీ?"

"సార్, వీని ఖాందాన్ మొత్తం ఇంజన్లనే ఉంటది" అన్నాడు ఖాసిం భాయ్.

ఇక చూడాలి సందడి! "బావను జర తిప్పి పెట్టుండ్రి!" "మామకు నూనె పుయ్యి!" "మరదళ్ళు లోపలికి పోతలేరు భాయ్!" దేవరకొండ నుంచి వచ్చిన మెకానిక్కు, ఎన్నడూ ఎవరికీ చూపించని తన కిటుకు తీశాడు. డబ్బా రేకు ఒకటి కోసి రింగుల చుట్టూ బిగించి, పైనుంచి ఒక్క తట్టు తట్టాడు. మరదళ్ళు ముగ్గురూ కిక్కురుమనకుండా లోపలికి పోయారు. పక్క మూతకు వేసే అట్ట చినిగిపోతే, ఖాసిం భాయ్ గోడ మీది క్యాలెండర్ అట్ట పీకి ఇనుము అంచు మీద పెట్టి చిన్న సుత్తితో టకటకా తట్టాడు. ఎక్కడ కొయ్యాలో అక్కడే తెగి వచ్చింది. "నా క్యాలెండర్ గూడ పాయె!" అని పటేలు గొణిగాడు. ఆఖరికి నేనూ సిగ్గు విడిచాను. మేనత్తకూ వాల్వుకూ మధ్య ఎంత సందు ఉండాలో, బీడీ తునికాకు దూర్చి అందరికీ చూపించాను.

"ఆకు గట్టిగనూ పట్టొద్దు, జారిపోనూ వద్దు" అన్నాను.

"ఇన్నేండ్లు దాచినవారా దొంగా!" అన్నాడు దేవరకొండ ఆయన.

"నీ రేకు సంగతేందిరా మరి!" అన్నాను.

పొద్దు నడినెత్తి దాటాక హ్యాండిల్ తిప్పాం. ఒక దగ్గు, రెండు దగ్గులు, మూడోసారికి దుక్కు దుక్కుమంది! బండ్ల వాళ్ళు ఈలలు వేశారు. అంతలోనే...

"టక్ టక్... టక్ టక్."

అందరి మొహాలూ వాడిపోయాయి. నేను మాత్రం ఛాతీ విరిచాను. "చూసిండ్రా? నిన్నటి జబ్బు గిదే! నా చెవి అబద్ధమాడదు!"

లచ్చమ్మ నింపాదిగా వచ్చి, ఇంజన్ పక్కన గుంజకు మేకు మీద వేలాడుతున్న నీళ్ళ గిలాస తీసి కొంగులో పెట్టుకుంది.

టక్ టక్ ఆగిపోయింది.

ఇంజనీరు సారు వడ్ల బస్తాల మీద కూలబడి, కళ్ళద్దాలు తీసి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. తన్నడానికి లేచిన పటేలు కూడా నవ్వుతూ నవ్వుతూ మళ్ళీ కూర్చున్నాడు.

ఎనిమిది మందిమీ పాసయ్యాం. బియ్యం బండ్ల వాళ్ళు నన్ను బస్తాల పైన కూర్చోబెట్టుకుని మా ఊళ్ళో దించారు. తువ్వాల కప్పుకోవడం ఆ రోజుతోనే మా సంఘంలో బందైంది. తర్వాతి సమావేశంలో ఛాయ్ చల్లారిపోయినా మాటలు ఆగలేదు.

నా సర్టిఫికెట్టు ఇంగ్లీషులో ఉంది. అందరి కాగితాల్లోనూ లేని రెండు వరసలు నా దాంట్లో సారు చేత్తో రాశాడు. నన్ను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడని చెప్పి అద్దం కట్టించి, ఇంటికి వచ్చిన ప్రతివాడికీ ఆ రెండు వరసలు వేలు పెట్టి మరీ చూపించాను. కొన్నేళ్ళకు మా బిడ్డ పెద్ద బడిలో ఇంగ్లీషు నేర్చుకుని, ఇల్లు నిండా చుట్టాలున్న రోజు, గట్టిగా చదివి అర్థం చెప్పింది:

"పనిలో దిట్ట. అయితే ఏ ఇంజనో యజమాని దగ్గరుండి చూపించిన తర్వాతనే ఇతని చేతికి పానా ఇవ్వవలెను."

మా మామకు, అంటే అసలు మామకు, నవ్వలేక పొలమారి, నీళ్ళు తాగించాల్సి వచ్చింది.

అందుకని పెద్దలందరి ఎదుట, నా రెండు చెవులూ నేనే పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఎవరూ విప్పమని చెప్పని ఇంజన్‌ను, అది ఎంత మూలిగినా, కాళ్ళు పట్టుకుని బతిమాలినా, ఈ జన్మలో విప్పను. కాగితం మాత్రం గోడ మీద నుంచి దించను. పాసైంది నేను కదా!