మా మేడం రాసిన ప్రోగ్రాం

జహీరాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు మాకు కంప్యూటర్ నేర్పిన మేడం పోయిన బుధవారం కన్నుమూశారు. కిడ్నీల జబ్బు. ఫోన్‌లో ఆ కబురు చెప్పిన స్నేహితురాలు ఏడుస్తూనే, "సంతాప సభ హెచ్ఓడీ సారే పెడుతున్నడంట" అంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

మేడం న్యాల్‌కల్ నుంచి బస్సులో వచ్చేవారు. బ్యాగు కింద పెట్టకముందే మా ప్రోగ్రాంలు చూసేవారు. తెరమీద ఎర్ర అక్షరాలు పడితే మేం బెదిరిపోయేవాళ్లం. "మిషన్ తిడుతలేదు బిడ్డా, ఎక్కడ తప్పిందో చెప్తున్నది. జర చదువు" అనేవారు. ఇప్పుడు నాకు అన్నం పెడుతున్నది ఆ మాటే.

మా క్లాసులో అమ్మాయిలమే ఎక్కువ. కంప్యూటర్లే తక్కువ. అప్పట్లో ల్యాబ్ చూసే ఈ సారు అబ్బాయిలను వాటి ముందు కూర్చోబెట్టి మాతో, "మీరు రికార్డు రాసుకోన్రి. పెండ్లయినంక ఇవన్నీ ఏం జేస్తరు?" అనేవాడు. మేడం మాత్రం సాయంత్రం కాలేజీ వదిలాక మమ్మల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి నేర్పేవారు.

కాలేజీ పరీక్షల ఫలితాలు తీసే ప్రోగ్రాం మేడం ఒక వేసవి అంతా కూర్చుని రాశారు. పక్కనుండి చూసినదాన్ని నేను. సారు దాన్ని తనదిగా యాజమాన్యానికి చూపించి కంప్యూటర్ విభాగానికి హెచ్ఓడీ అయ్యాడు. మేడం నిలదీస్తే, "ఆలోచన నాది, ఆమె టైపు చేసిందంతే" అన్నాడు. ఆమెను ఆఫీసులో అడ్మిషన్ ఫారాలు ఎక్కించే పనికి పంపారు. ఏడాది తిరక్కుండా మేడం ఉద్యోగం మానేశారు. సాయంత్రం ల్యాబ్ మూతపడింది. మాలో చాలామంది కంప్యూటర్ ఆశ వదిలేశారు. హైదరాబాద్‌లో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ టీంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. అమ్మాయిలకు ప్రోగ్రామింగ్ మీద ఇష్టం ఉండదేమో అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు సారు ముఖం గుర్తొస్తుంది.

కిందటి నెల దవాఖానలో మేడంతో, "నేను ఊకోను మేడం" అన్నాను.

"ఊకోమని నేను ఎప్పుడన్న చెప్పిన్నా?" అని నవ్వారు.

సభ కాలేజీలోనే ఒక క్లాసురూంలో, ఇప్పటి విద్యార్థులను కూర్చోబెట్టి పెట్టారు. సారు మైకు పట్టుకుని, "మేడం టైపింగ్ మస్తు స్పీడు" అన్నాడు. నేను లేచాను.

"సార్, ఫలితాల ప్రోగ్రాం ఎవరు రాసిన్రు?"

"ఇప్పుడెందుకమ్మా, ఆమె ఫొటో ముంగట?"

"ఆమె ముంగటనే చెప్పున్రి. మీరే రాస్తే, అందులో గ్రేడు ఎట్ల తీస్తదో బోర్డు మీద రాయున్రి."

సుద్దముక్క అతనికి అందించబోయాను. అందుకోలేదు. పిల్లలందరూ చూస్తుండగా మైకు పక్కన పెట్టి కూర్చున్నాడు. నాకు జాలి కలగలేదు. మొత్తం నేనే బోర్డు మీద రాసి, కింద మేడం పేరు పెద్దగా పెట్టాను.

ముందు బెంచీలో అమ్మాయి లేచి, "అక్కా, మిషన్ మీద చూపిస్తవా?" అంది.

అందరం ల్యాబ్‌కు వెళ్తే, అమ్మాయిలు ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా కూర్చున్నారు. గుమ్మం నుంచి వరండా చివరిదాకా అమ్మాయిల చెప్పులే. సారు విప్పిన బూట్లు చేత్తో పట్టుకుని, లోపలికి రావడానికి కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ వాటి మధ్య నిలబడిపోయాడు.