మందు చేప

నా చిన్నప్పుడు మా తాతయ్యను చూసి ఊరంతా నవ్వేది. ఆయన చేపలను పాతిపెట్టేవాడు మరి.

మా ఊరు నరసాపురం దాటాక, సముద్రం ఒడ్డున, సరుగుడు తోటల పక్కన ఉంటుంది. మగవాళ్లంతా కలిసి ఒడ్డు నుంచే పెద్ద వల లాగేవారు. వల ఇసుక మీదికి రాగానే అందరి కళ్లూ మంచి చేపల మీద ఉంటే, తాతయ్య మాత్రం పనికిరాని వాటిలో చెయ్యి పెట్టి వెతికేవాడు. ముట్టుకుంటే పొట్ట ఉబ్బించుకుని బంతిలా అయిపోయే చేప ఒకటుంటుంది. పిల్లలం దాన్ని బూర చేప అనేవాళ్లం. మిగతావాళ్లు దాన్ని విసిరేసి పోయేవారు. తాతయ్య ఏరుకొచ్చి, గొయ్యి తీసి పాతిపెట్టేవాడు. చచ్చిన చేపకు సమాధి కడుతున్నాడని కుర్రాళ్లు వేళాకోళం చేస్తే ఊరుకునేవాడు తప్ప గొయ్యి లోతు మాత్రం తగ్గించేవాడు కాదు.

అది విష చేప అని వాళ్లకూ తెలుసు. ఎంత విషమో చూసినవాడు మా తాతయ్య ఒక్కడే. ఆయన తమ్ముడు చిన్నతనంలో దాన్ని కాల్చుకుని తిన్నాడట. పెదాలు తిమ్మిరెక్కుతున్నాయని మొదట నవ్వుతూనే చెప్పాడట. తర్వాత చేతులు, కాళ్లు, చివరికి ఊపిరి. మాట పడిపోయాక కూడా కళ్లతో అన్ననే చూస్తూ ఉండిపోయాడట. ఇదంతా మా మామ్మ చెప్పింది. తాతయ్య ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మా వీధి చివరింట్లో ఒక పిన్ని ఉండేది. మాకు చుట్టమేమీ కాదు, వరసకు పిన్ని అనేదాన్ని. కాలవగట్టు ఊరి నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి సముద్రపు చేపల సంగతి ఆమెకు పెద్దగా తెలియదు. భర్త తుపానులో వేటకెళ్లి తిరిగి రాలేదు. ఇద్దరు చిన్న మగపిల్లలు. ఎవరు ఏం పట్టుకెళ్లినా "మాకుందండి" అని నవ్వుతూ తలుపు దగ్గరగా వేసేది. ఆ ఇంట్లో ఏమీ లేదని వీధిలో అందరికీ తెలుసు. ఆ "ఉందండి" వినలేక మా మామ్మ కళ్లనీళ్లు పెట్టుకునేది, తర్వాత తిట్టుకునేది.

వానాకాలంలో ఒకసారి చాలా రోజులు వేట లేదు. గాలి తగ్గాక ఒక ఉదయం వల వేశారు. అంతంత మాత్రంగానే పడ్డాయి. తాడెక్కడో తెగితే ముడి వేస్తూ తాతయ్య ఉండిపోయాడు. ఆయన వచ్చేసరికి ఇసుకలో ఉండాల్సిన బూర చేపలు లేవు. చివరింటి పిన్ని వాటిని కొంగులో వేసుకుని వెళ్లడం చూశానని నేను చెప్పాను.

మా తాతయ్య పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. తన వాటాకు వచ్చిన చందువ చేపలను చేత్తో పట్టుకుని ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. వెనకాల నేను. తీరా ఆ ఇంటి ముందుకు వచ్చాక ఆగిపోయాడు. ఊపిరి తిప్పుకుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఊరికే అటుగా వచ్చినవాడిలా గుమ్మంలో దగ్గాడు.

లోపల పిల్లలిద్దరూ కంచాల ముందు కూర్చున్నారు. కంచాల్లో అన్నం ఉంది. పొయ్యి మీద మట్టి దాకలో పులుసు కుతకుతలాడుతోంది. చింతపండు వాసన ఎంత కమ్మగా ఉందో ఇప్పటికీ గుర్తే.

"అమ్మాయ్, ఒడ్డున నా చేపలు మర్చిపోయి వచ్చేశానే. కాకులెత్తుకుపోతాయని నువ్వు గానీ తీసిపెట్టావా?" అన్నాడు తాతయ్య.

పిన్ని తలెత్తలేదు. "పులుసు పెట్టేశాను మావయ్యా. తోలూ పేగులూ తీసేస్తే ఏం కాదని ఎవరో అంటేనూ..." అని నీళ్లు నమిలింది.

"మంచి పని చేశావు. వైద్యుడు గారు మందుకి కావాలన్నారులే. ఉడికించే తెమ్మన్నారు. ఇంతకీ ఎవరూ రుచి చూడలేదు కదా? ఎంగిలి పడితే మందుకి పనికిరాదంట."

"ఇంకా లేదండి. ఇప్పుడే దించుతున్నా."

"అయితే దాకతో సహా ఇచ్చెయ్యి. దాని బదులు ఈ చందువలుంచు."

చిన్నవాడు దాక వెళ్లిపోతుంటే గుక్కపెట్టి ఏడ్చాడు. మందేమిటి తాతా అని నేను నోరు తెరవబోతే తాతయ్య నా భుజం గట్టిగా నొక్కాడు. వేడి దాకను తువ్వాలుతో పట్టుకుని సరుగుడు తోటలోకి నడిచి, ఎప్పటికంటే లోతుగా గొయ్యి తీసి, పులుసు పోసి, దాకను కూడా పగలగొట్టి పాతేశాడు. తర్వాత అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

విషమని చెప్పేస్తే పోయేదిగా అన్నాను. "చెబితే ఆ పిల్ల ఇక తన చేత్తో బిడ్డలకు ముద్ద పెట్టుకోగలదా?" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది.

మర్నాడు మామ్మ, చేపలు ఎండబెట్టే చోట ఆడవాళ్లందరి మధ్యా కూర్చుని, ఎవరినీ ఉద్దేశించనట్టు తన మరిది కథ మొత్తం చెప్పింది. పిన్ని తలొంచుకుని వింది. ఆ తర్వాత బూర చేపను పాతిపెట్టడానికి మా ఊళ్లో ఎవరూ బద్ధకించలేదు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. చివరి ఏళ్లలో కేన్సర్ వార్డులో వేశారు. రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకు నా చేత్తో ఎక్కించిన మందుల్లో ఒకటి, సముద్రంలో బతికే స్పంజి అనే జీవిలో దొరికిన పదార్థాలను చూసి తయారుచేసిందేనని ఒక కుర్ర డాక్టరు గారు చెప్పారు. విషంతో వేటాడే సముద్రపు నత్త ఒకటుందట, దాని విషం ఆధారంగా నొప్పి మందు కూడా వచ్చిందట. బూర చేప సంగతేంటండి అని అడిగాను. ఆ విషాన్ని అణువంత వాడి కేన్సర్ నొప్పిని తగ్గించగలమా అని చూస్తున్నారమ్మా అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పాపం ఆయనకేం అర్థంకాక మంచినీళ్లు తెప్పించారు. మా తాతయ్య ఆడగా నేను విన్న ఒకే ఒక్క అబద్ధం అది. అదీ నిజమయ్యే దారిలో ఉంది! అలాగని ఎవరూ ఆ చేప జోలికి పోకండి. వాళ్లు తూచి చూసేది వేరు, దాకలో ఉడికేది వేరు.

ఈ కబురు చెప్పాలని ఈమధ్య ఊరెళ్లినప్పుడు పిన్ని దగ్గరికి వెళ్లాను. బాగా ముసలిదైపోయింది, మాట మాత్రం స్పష్టంగా ఉంది. అంతా విని, "మీ తాత అబద్ధమాడుతున్నాడని నాకప్పుడే తెలుసే" అంది.

మామ్మ కథ విన్నాక తెలిసిందా అని అడిగాను.

"కాదే, గుమ్మంలో ఉండగానే. మందు కోసం వచ్చినోడు దాక వంక చూడాలి కదా. మావయ్య నా బిడ్డల మూతుల వంక చూశాడు."

మరి ఆయన బతికుండగా ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నాకు తెలిసిపోయిందని తెలిస్తే, మా ఇంటికి మళ్లీ ఏ మొహంతో వస్తాడే ఆయన? వట్టి సిగ్గరి మనిషి."

ఆ రోజు ఆ గుమ్మంలో దయ చూపినవాడు మా తాతయ్య ఒక్కడే అని అన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు నాకు ఒంట్లో బాగోక పక్కింటి అమ్మాయి గిన్నెలో కూర తెచ్చి, "ఎక్కువ వండేశానండి, పాడైపోతుంది" అంటుంది. అది ఎక్కువ వండలేదని నాకు తెలుసు. గిన్నె అందుకుని, ఈసారి కొలత చూసుకుని వండుకోవే అని కసురుతాను.