పేరు రాయని కవరు

అవనిగడ్డ నుంచి బందరు వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. మద్రాసులో తమిళ పాఠాలు చెప్పి రిటైరయ్యారట. తమిళ పద్యాల్లోని పోలికలు రాసిన చీటీలను కవర్లలో సర్దుతున్నారు. నాలుగింటి మీద, పోలిక దేంట్లోనో తెలిసేలా, పని, ఫలం, ఆకారం, రంగు అని ఉంది. ఐదోదాని మీద ఏమీ లేదు.

నేను హేతువాదిని; పోలిక రుజువు కాదని వేదికలెక్కి వాదించేవాణ్ణి. ఊరుకోలేకపోయాను.

"ఇవన్నీ అందమైన అబద్ధాలేనండీ."

"అయితే మీ దివిసీమ ఉప్పెన గురించి పోలిక లేకుండా చెప్పండి, చూద్దాం."

"అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నీళ్లు తాడిచెట్టంత లేచాయి. రైలులా మీదికొచ్చాయి."

"మొదటిది ఆకారం, రెండోది పని," అని నవ్వి, పేరు లేని కవరు తీశారు.

"అందులో ఏం వేస్తారండీ?"

"పోలిక ఒక్కటే చెప్పి, అసలు సంగతి దాచిన పద్యాలు. మీరు ఎవరి చెయ్యి వదిలేశారండీ?"

ఆ నీళ్లలో చెల్లెలి చెయ్యి వదిలేశానని ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. కిందికి చూస్తే, నా కుడిచెయ్యి ఎడమ మణికట్టును బిగించి పట్టుకుని ఉంది. ఆవిడ చూసింది అదే. హేతువు దొరికింది.

వేళ్లు విప్పబోయాను. బందరు స్టాండు వచ్చేదాకా అవి విడలేదు.