నిలబడి నిద్రపోయే మనిషి

చదువు ముగించుకుని వెళ్లిపోయేవాళ్లందరూ, కళ వల్లా తత్వశాస్త్రం వల్లా తమ వ్యక్తిత్వం ఎలా వికసించిందో ఒక పేజీలో రాసివ్వాలని పోయిన వారం మా కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. బాచుపల్లిలో మూడు వైపులా అపార్ట్‌మెంట్లూ నాలుగో వైపు ఇంకో కాలేజీ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ మాది. అక్కడ వికసించినవాళ్లు ఎవరైనా దొరికితే వదులుకోకూడదని యాజమాన్యం అనుకోవడంలో తప్పు లేదు. నేనూ ఒక పేజీ రాసిచ్చాను. అందులో ‘పరిశీలన’ అనే మాట ఆరుసార్లు వచ్చింది, మా నాన్న ఒక్కసారి కూడా రాలేదు. ఆ రానిది ఇక్కడ రాస్తున్నాను. ఇరవై రెండేళ్లకే జ్ఞాపకాలు రాయడం కాస్త తొందరపాటని తెలుసు గాని, నా ఈడువాళ్లు అర్థం చేసుకుంటారు. మనం ఇంటర్ చదివేటప్పుడు బర్రెలు మేసిన జాగాల్లో ఇప్పుడు ముప్పై అంతస్తులు లేచాయి, ఆ లెక్కన మనం ముసలివాళ్లమే.

పాలమూరు వైపు నుంచి నానక్‌రామ్‌గూడకు వచ్చేటప్పటికి నేను ఆరో తరగతి. పాత ఊరి సందులో ఒక గది కిరాయికి తీసుకున్నాం. అమ్మ రెండు ఇళ్లలో వంట చేసేది, నాన్న దగ్గర్లోనే ఒక ఆఫీసు టవర్ మూడో గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. కారు వస్తే అడ్డకర్ర లేపాలి, పోయాక దించాలి. రాత్రి డ్యూటీ దిగేవేళకు రావలసిన మనిషి రాకపోతే ఆ పగలంతా కూడా ఆయనే నిలబడాలి. ఆ రావలసిన మనిషికి రాకపోవడం అలవాటు. కుర్చీ ఉంటే గార్డు కూర్చుంటాడని, ఎంతో ఆలోచించి, కుర్చీ తీసేశారు. అందుకని మా నాన్న నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాడు.

అది చూసి తీరవలసిన విద్య. టోపీ కొంచెం కిందికి, ఎడమ భుజం స్తంభానికి ఆనీ ఆనకుండా, కుడి చెయ్యి అడ్డకర్ర మీద; కళ్లు పూర్తిగా మూతపడవు, సన్నని గీతంత తెలుపు కనిపిస్తూనే ఉంటుంది. కారు మలుపు తిరుగుతుండగానే చెయ్యితో పాటు అడ్డకర్ర లేస్తుంది, సెల్యూట్ పడుతుంది, అడ్డకర్ర దిగుతుంది, మనిషి మాత్రం లోపల నిద్రలోనే ఉంటాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకెళ్లే నేను ఆయన్ని లేపకుండా పక్కనే నిలబడేదాన్ని. సూపర్‌వైజర్ బండి కనిపిస్తే దగ్గడం నా వంతు. ఇలాగని మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, కానీ నేను ఉన్న ఆ పావుగంటా ఆయన ఊపిరి మారిపోయేది, నిజంగా పడుకున్నవాడి ఊపిరిలాగా.

కాలేజీలో రెండో ఏడాది ఎలెక్టివ్‌గా తత్వశాస్త్రం ఎంచుకున్నాను. ల్యాబ్ ఉండదని ఎంచుకున్నాను, ఇందులో దాచడానికేమీ లేదు. పాఠం చెప్పడానికి వచ్చిన మేడం గోదావరి జిల్లాలావిడ, మమ్మల్ని కూడా అండీ అనేవారు. ఇంజనీరింగ్ పిల్లలను అలా పిలిచినవాళ్లు అంతకుముందు లేకపోవడం వల్ల మేం కొన్నాళ్లు వెనక్కి తిరిగి చూసుకునేవాళ్లం. రోజూ ఒక గంట ఒకే వస్తువును చూస్తూ గీయాలి, కింద నాలుగు వాక్యాలు రాయాలి, అదీ ఆవిడ పెట్టిన పని. “బొమ్మ రాకపోయినా పర్లేదండీ. ఉన్నది వదిలేయకండి, లేనిది కలపకండి,” అనేవారు. మొదటి వారం నేను మా ఇంటి బకెట్ గీశాను, వెక్కిరింతగానే. ఐదో రోజుకు ఆ బకెట్ అంచున అమ్మ చేతి పట్టు ఎక్కడ పడుతుందో కనిపించింది, ఆ తర్వాత వెక్కిరించడం కష్టమైంది. షేర్ ఆటోలో ఎదురుగా కూర్చున్నవాళ్ల చేతులు చూస్తుంటే, పుట్టి ఇన్నేళ్లయినా నేను ఎవరినీ సరిగా చూడలేదేమో అనిపించేది. కాలేజీవాళ్లు అడిగే వికాసం అదే అయితే, అవును, వికసించాను.

అప్పుడు నాన్నను గీశాను. ఆరు ఆదివారాలు, అన్నం డబ్బా పక్కన పెట్టుకుని. అడగలేదు, అడిగితే నిద్రలేస్తాడు కదా. ఉన్నది ఏదీ వదల్లేదు: కనురెప్పల కింది ఆ తెల్లగీత, స్తంభం మీది మూడో నంబరు, ఛాతీ మీది బ్యాడ్జి, దాని మీది నాలుగంకెలు. కింద, శరీరం కాపలా కాస్తుంటే మనిషి ఎక్కడికి వెళ్తాడు అని రాశాను. మేడం చాలాసేపు చూసి, “మీకు చూడటం వచ్చిందండీ,” అన్నారు. తర్వాత వచ్చిన ఉద్యోగపు ఉత్తరం కూడా నన్ను అంత సంతోషపెట్టలేదు. కాలేజీ ప్రదర్శనలో బొమ్మ పెట్టారు, ఎవరో ఫోటో తీసి ఇన్‌స్టాలో పెట్టారు, ఐటీ ఉద్యోగులు ఒకరికొకరు పంపుకున్నారు. ఇది మా గేటే అని ఒకరు గుర్తుపట్టి సంబరంగా రాశారు. పోలిక కుదిరిందని నేనూ సంబరపడ్డాను.

రెండు వారాలకు నాన్నను జీడిమెట్లలో ఒక రసాయనాల గోడౌన్‌కు మార్చారు. “ట్రాన్స్‌ఫర్ బిడ్డా. పెద్ద పెద్ద ఆఫీసర్లకే అయితది,” అని నవ్వాడు. పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు. రెండుసార్లు ఉతికినా యూనిఫాం వాసన పోయేది కాదు, చలికాలానికి దగ్గు మొదలైంది. నెలరోజులు నేను ట్రాన్స్‌ఫర్ అనే నమ్మాను. చివరికి బీరకాయ తరుగుతూ, తలెత్తకుండా అమ్మ చెప్పింది.

“నీ బొమ్మ పెద్దసార్లకు మస్తు నచ్చిందట. నంబర్ గూడ సక్కగ కనవడుతుందన్నరట.” ఇంకో ముక్క కోసి, “నీకు చెప్పొద్దన్నడు. సదువు ఆగమైతదని,” అంది.

మర్నాడే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. మా నాన్న డ్యూటీలో ఎప్పుడూ నిద్రపోలేదనీ, అదంతా నేను ఊహించి గీసిన బొమ్మ అనీ చెప్పాను. లేనిది కలపడం ఆ రోజే మొదలుపెట్టాను. ఆయన ఫోన్ తీసి బొమ్మను వేళ్లతో పెద్దది చేశాడు.

“బ్యాడ్జి నంబర్ గూడ ఊహించినవా?”

ఫోన్ ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

“పండుకుంటడని నాకెర్కలేదా బిడ్డా? అందరు పండుకుంటరు. కనవడకుంట పండుకుంటరు. ఇది పెద్దసార్లు పంపితే నా ఫోన్‌లకొచ్చింది. నేనేం జెయ్యాలె?” అన్నాడు. చెడ్డవాడు కాదు, అదే ఇబ్బంది. వచ్చేటప్పుడు, బొమ్మ మాత్రం మంచిగుందన్నాడు.

మేడంకు చెబితే ఆవిడ ముఖం పాలిపోయింది. ఆయన్ని అడిగారా అని తాను అడగవలసిందన్నారు. గోడ మీది బొమ్మ తీసేశారు. ఫోన్లలోది తీయడం ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం అన్నం తింటుండగా నాన్నకు క్షమాపణ లాంటిదేదో చెప్పబోయాను, సగంలోనే ఆపాడు.

“మంచిగనే గీసినవ్. టోపీ జర వంకర వెట్టినవ్ గంతే.”

టోపీ వంకరగానే ఉండేది. ఆ మాట నేను అనలేదు.

ఇది జరిగి రెండేళ్లు. ఆయన ఇంకా జీడిమెట్లకే పోతున్నాడు, దవాఖానలో ఇచ్చిన మందు జేబులో పెట్టుకుని. వచ్చే నెల నుంచి నేను మెడలో కార్డు వేసుకుని ఇలాంటి ఒక టవర్‌లోకే పోతాను. ఇగ డ్యూటీ మానెయ్యి నాయినా అంటే, జూద్దాంలే అంటాడు. నేను ఇప్పటికీ గీస్తాను, చెట్లూ బకెట్లూ. మనుషులను గీయాలంటే ముందు అడుగుతాను, అడిగాక వాళ్లు జుట్టు సర్దుకుంటారు, బొమ్మ పాడవుతుంది. పాడయితే పాడవనీ అనుకుంటాను.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఇంట్లోనే ఉంటాడు. భోజనమయ్యాక చాప వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆరు ఆదివారాలు గంటల తరబడి చూసినదాన్ని, ఆయన నిద్ర ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు. నేను కూరగాయలకు బయటికెళ్లి వస్తే, అప్పటిదాకా గురకపెట్టి పడుకున్నాడని అమ్మ చెబుతుంది. కాబట్టి నేను గదిలో ఉన్నంతసేపూ ఫోన్ చూసుకుంటున్నట్టు కూర్చుంటాను, ఆయన నిద్రపోతున్నట్టు పడుకుంటాడు, అమ్మ లేచి టీ పెట్టేదాకా ఇద్దరం అలాగే ఉంటాం.