ముప్పై సెంట్ల మీద తోక

ఎందుకని అడక్కుండా జయశ్రీ దేన్నీ వదిలిపెట్టదు. ఆత్మకూరులో డిగ్రీ చదివేటప్పుడు అటెండరు తాళాలు ఆడిస్తే తప్ప ల్యాబ్‌లోంచి కదిలేది కాదు. ఇప్పుడు మర్రిపాడులో గొర్రెల పెంపకందార్ల సంఘానికి కంప్యూటర్ ఆపరేటరు.

సంఘం రేకుల దొడ్లు కట్టిస్తోంది. భూమి ముప్పై సెంట్లు దాటనివాళ్లకే. దరఖాస్తుల ఆఖరిరోజున మాలకొండమ్మ వచ్చింది. మొన్నటి వానలకు తడిసి ఆమె గొర్రెపిల్లలు పదకొండు చచ్చిపోయాయి. ఊరవతల పది సెంట్లు, వాగు పక్కన ఇరవై, అంతే ఆమె భూమి. జయశ్రీ 0.10 ఎకరా, 0.20 ఎకరా అని కొట్టింది. ‘పరిమితి మించింది’ అని వచ్చింది.

“ఏంది మ్మే, పదీ ఇరవై ముప్పై కాదా?”

“ముప్పయ్యే అవ్వా. ఉండు.”

ఒకే ముక్కగా 0.30 కొడితే కంప్యూటర్ ఒప్పుకుంది. పదిహేనూ పదిహేనూ. ఒప్పుకుంది. మళ్లీ పదీ ఇరవై. కుదరదంది! జయశ్రీ కుర్చీ ముందుకు లాక్కుంది. ఫోన్‌లో తాను కోడింగ్ నేర్చుకునే యాప్ తెరిచి ఆ రెండంకెలూ కూడింది.

0.30000000000000004.

“చివర్న ఆ నాలుగేంది?” అంది మాలకొండమ్మ, తెర మీదికి వంగి.

“అదే నాకూ తెలియాల!”

సాఫ్ట్‌వేర్ రాసిన శాంతికుమార్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“కంప్యూటర్‌ది రెండ్ల లెక్క మేడమ్. మనకు పదిని మూడుతో భాగిస్తే తెగనట్టు, దానికి పదోవంతు తెగదు. ఎక్కడో ఒకచోట కోసి దాచుకుంటాది. అట్టాంటివి రెండు కలిపితే ఒక్కోసారి ఆ తోక. అంత చిన్నదానికి ఏమవుద్దిలే అనుకున్నా.”

“ముప్పై ఎకరాలోడికి ఏం కాదు సార్. ఈమెకి దొడ్డి పోతా ఉండాది.”

మాలకొండమ్మ ఊరుకోలేదు. “మేం సెంట్లలో చెప్తా ఉంటే, ఎకరాలు చేసి కొయ్యమని నీకెవురు చెప్పినారు నాయనా? ఎకరా ఉంటే నేనీడికెందుకొస్తా?”

జయశ్రీ మళ్లీ దరఖాస్తు చూసింది. పది. ఇరవై. రెండూ నిండు అంకెలే, కోయాల్సిన పనే లేదు.

“సార్, సెంట్లలోనే దాస్తే?”

అవతల కీబోర్డు టకటకలాడింది. “తోకే ఉండదు. గంట టైమియ్యండి.”

నాలుగింటికి మాలకొండమ్మ దరఖాస్తు ఎక్కింది. శాంతికుమార్ ఫోన్‌లో ఇక ఉంటానన్నాడు.

“ఇదివరకు మించిందని తిప్పిపంపినోళ్ల లిస్టు పంపండి సార్.”

“వాళ్లెవరూ అడగలేదు గదా?”

“మిషనే చెప్పినాక ఎవురడుగుతారు? నేనడగతా ఉండా.”

లిస్టులో నలుగురివి పదీ ఇరవై. ఆఫీసు మూసేలోపు ఆ నాలుగూ ఎక్కించి, ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది.