వేగిసాకు నాంపల్లికి తీసుకెళ్లిన రోజు

తెల్లవారుజాము నుంచి సన్నటి ముసురు. వరినాట్లు ముందురోజే ముగిశాయి. పొలం పని లేదు కాబట్టి గుట్ట ఎక్కి వేగిసచెట్ల ఆకు కోశాను. ఇది డెబ్బైల నాటి సంగతి. దర్వాజాలకు, బండ్లకు కొట్టగా కొట్టగా మా గుట్టమీద మూడు వేగిసచెట్లే మిగిలాయి. వాటిలో పెద్దదాన్ని ఆ ఉదయమే కొడతామని గుత్తేదారు మనుషులు చెప్పారు. మా అక్క కూతురు సరోజ ఆబిడ్స్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేది. చెట్టు వంశలక్షణాలను మోసే డిఎన్ఎను ఆకులోంచి తెగకుండా తీయాలని ఆమె ప్రయత్నం. లేతాకు కోసి, తడి తుడిచి, ఏ చెట్టుది ఆ చెట్టుకు వేరుగా కాగితంలో చుట్టి తెమ్మని ఉత్తరం రాసింది.

వికారాబాద్‌లో ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాను. ఎదురుగా తమలపాకుల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. చీకటితోనే లేచానేమో, కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి నా సంచిలో పై పొట్లం మీద తడిగుడ్డ కప్పి ఉంది.

"ఏంది అవ్వా, నీళ్లు చల్లినవా?"

"ఔ బిడ్డా. ఆకు మోసేటోనివి, గిట్ల ఎండబెడ్తరా? నా ఆకు చూడు, పొద్దుమీకినా నవ్వుతది. నీది గిప్పుడే ఏడ్వబట్టె."

ఆకు అమ్మేవాళ్లంతా చేసే పనే ఆమె చేసింది. తడిగుడ్డ తీసేసి పొట్లం విప్పి చూశాను. నానిపోయింది పెద్దచెట్టు ఆకు.

తొమ్మిదిన్నర దాటాక నాంపల్లిలో దిగాను. రిక్షా అతను ఆబిడ్స్‌కు అర్ధరూపాయి అడిగాడు. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి టిఫిన్ డబ్బాలో ఐసు వేయించి, పొట్లాలు దానిమీద పెట్టాను.

"ఆకుకు ఐసేంది సార్? జొరమొచ్చిందా?" అన్నాడతను.

సరోజ పొట్లాలు విప్పింది. నానిన ఆకు నల్లబడి జిగటగా ఉంది.

"మామా, గిదేంది? తాంబూలానికి తెచ్చినవా?"

జరిగింది చెప్పాను. ఆమె మూడింటినీ విడివిడిగా చల్లటి కల్వంలో నూరింది. సబ్బులాంటి ద్రవం కలిపి, క్లోరోఫాం పోసి ఊపి, యంత్రంలో తిప్పింది. పైన తేరిన నీళ్లలో చల్లటి ఆల్కహాలు పోసేసరికి మూడు దాటింది. రెండు గొట్టాల్లో డిఎన్ఎ తెల్లటి పోగులా లేచి గాజుపుల్లకు చుట్టుకుంది. మూడోదాంట్లో, అంటే పెద్దచెట్టుదాంట్లో, గోధుమరంగు నలుసులే మిగిలాయి.

"పెద్దచెట్టు కొట్టేసిన్రా?" అని అడిగింది.

"ఈపాటికి పడే ఉంటది."

"కొమ్మలు?"

"మొద్దే గుత్తేదారుది. కొమ్మలు రేపు పొద్దుగాల ఊరోళ్లు పొయ్యిలకు ఏరుకపోతరు."

ఆ ముసలమ్మ మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. ఆమె ఆకు కంటికి పచ్చగా ఉంటే చాలు. సరోజకు కావలసింది లోపల చెడని ఆకు. ఆ తేడా తెలిసినవాణ్ణి నేనే, నేనే నిద్రపోయాను. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను: ఆకు పొడిగా ఉంచి, పొట్లం ఒళ్లోనే పెట్టుకోండి.

సరోజ ఫ్లాస్కు నిండా ఐసు నింపుకుంది. ఊరివాళ్లకంటే ముందే ఆ కొమ్మల ఆకు కోసుకోవాలని సాయంత్రం ఆరు గంటల బండికి ఇద్దరం నాంపల్లి నుంచి బయలుదేరాం.