నీళ్లకన్నా ముందొచ్చిన మైనపు ఉండ

మా చిన్నాయన పోయారని చిత్తూరు నుంచి వచ్చిన బంధువు చెప్పినప్పుడు నేను తిరుపతిలో మా ఇంటి వసారాలో బియ్యం ఏరుతున్నాను. చేట పక్కన పెట్టేశాను. హైస్కూల్లో సైన్సు చెప్పే అయ్యవారుగా ఆయన చాలామందికి తెలుసు. ఆయన మనసంతా ఒక గాజు గొట్టంలో ఉండేదని మాత్రం కొద్దిమందికే తెలుసు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క లారీలు ఆగిపోయాయి. వేరుశనగ ఊళ్లలోనే ముక్కిపోతోంది. కాయల్ని డబ్బాల్లో మూసి, గొట్టంలో నీళ్లతో పాటు రేణిగుంట స్టేషను దాకా పంపవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. తమ ఇంటి వసారాలో గాజు గొట్టం పరిచి, మునగకుండా తేలకుండా ఉండేలా మైనంలో ఇసుక కలిపి ఉండలు చేసేవారు. పారేది కనబడేలా పసుపు కలిపిన నీళ్లతో పాటే ఉండను వదిలి, చిన్నపిల్లనైన నన్ను పిలిచి చూపించేవారు.

"సూడమ్మా, ఉండ వచ్చేసినాది. పసుపు నీళ్లు సగం ఇంకా వెనకనే ఉండాయి. గోడ పక్క నీళ్లు ఈడ్చుకుంటా వస్తాయి, నడిమి నీళ్లు పరిగెత్తుతాయి. ఇది నడిమి నీళ్లతో సావాసం చేసినాది."

చిన్నమ్మ నవ్వేది. "తాగేదానికే లేవు. గొట్టంలో పోసేదానికి యాడ తెస్తారు?"

"నీళ్లు యాడికి పోతాయే? ఆడ దించుకున్నవే మళ్లీ ఎక్కిస్తాం."

ఒక ఎండాకాలం పెద్ద ఇంజనీరు ఒకాయన వచ్చి చూస్తానన్నారు. చిన్నాయన పెరటి తొట్టి నిండా నీళ్లు నింపించారు. ఆ ఉదయమే వీధి బావి అడుగంటింది. చంకన బిడ్డతో ఒకావిడ గడపలో నిలబడింది.

"అయ్యవారూ, ఒక్క కడవ పోయండి సామీ."

పోశారు. ఆమె వెనక వీధంతా ఉంది. ఇంజనీరు వచ్చేసరికి తొట్టి అడుగున తడి మాత్రమే మిగిలింది.

"ఈ పొద్దు నీళ్లు లేవు సార్. ఇంకోసారి రాండి."

ఆయన మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు గొట్టం పగిలింది. యుద్ధంలో అలాంటిది ఇంకొకటి దొరకలేదు.

"రెండు కడవలన్నా ఎత్తిపెట్టుకోకపోతిరే," అని చిన్నమ్మ అన్నప్పుడల్లా ఆయనది ఒకటే మాట. "పోసినందుకు బాధ లేదు. సూపించలేకపోతినే అని ఉండాది. రెండూ నిజమే."

ఎవరైనా దాన్ని త్యాగమని పొగిడితే ముఖం తిప్పుకునేవారు. నేనూ పొగడను. ఆ రోజు ఆ గొట్టంలో నీళ్లు పారి ఉంటే బాగుండేది.

కిందటి వానల్లో ఆయన్ని చివరిసారి చూశాను. వీధి కాలువలో జామకాయ ఒకటి కొట్టుకుపోతోంది. గొడుగు ముడిచి చంకన పెట్టుకుని, తడుస్తూ దాని వెంట నడిచారు. కాయ రోడ్డు కింది తూములోకి పోయింది. ఆయన గబగబా రోడ్డు దాటి, అవతలి వైపు మోకాళ్ల మీద చేతులు ఆనించి, వంగి చూస్తూ నిలబడ్డారు.